నెన్సా వదిన లేవని కుర్చీ

ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళంటే మా నెన్సా వదినకి ఒళ్ళు మంట. ఆ మంటతోనే ఆమె సగం జీవితం ఇల్లు నడిపింది.

మా వీధి డెట్రాయిట్‌లో పాత బేస్‌బాల్ మైదానానికి సరిగ్గా వెనక వీధి. మా తాతలు మాల్టా ద్వీపం నుంచి కార్ల ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి ఈ పేటలోనే దిగారు. మ్యాచ్ ఉన్న రోజు మా ఇళ్ళవాళ్ళందరూ పెరళ్ళలో కార్లు పెట్టించుకుని నాలుగు డబ్బులు చూసుకునేవాళ్ళు. వదిన నెత్తికి ఎర్ర గుడ్డ కట్టుకుని వీధి నడిమధ్య నిలబడి వచ్చిన కారుకల్లా అడ్డం పడేది. కారువాడు అద్దం దింపగానే ధర చెప్పేది కాదు. "చివరిదాకా ఉంటావా, మధ్యలో పారిపోయే రకమా?" అని అడిగేది. ఉంటానన్నవాడి కారు పెరటి చివరికి, పారిపోయే రకం కారు గేటు పక్కకి. అలా మనిషిని బట్టి సర్దేది కాబట్టే పక్కింటి పెరట్లో నాలుగు కార్లు పట్టే చోటు ఆమె పెరట్లో ఏడింటికి సరిపోయేది.

ఉంటానని మాటిచ్చి, జట్టు ఓడిపోతోందని తొమ్మిదింటిలో ఏడో ఇన్నింగ్స్‌లోనే తిరిగొచ్చిన పెద్దమనిషికి మాత్రం ఆ పూట మోక్షం లేదు. "ముందున్న కార్లు కదిలేదాకా కూర్చో. టిక్కెట్టు కొనుక్కుని మరీ లేచొచ్చావంటే నీ పెళ్ళాం నీతో ఎలా వేగుతోందో" అని మెట్ల మీద కూర్చోబెట్టి, జున్ను కూరిన పస్తిత్సి ఒకటి వేడివేడిగా చేతిలో పెట్టేది. తిట్టూ ఆమెదే, తిండీ ఆమెదే. వాళ్ళే మళ్ళీ వారం ఆమె పెరడే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

మైదానం గోడకి ఆనుకుని బతికి కూడా ఆమె లోపలికెళ్ళి చూసిన మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కార్లకి కాపలా ఎవరుంటారు? అందుకని ముందుగదిలో రేడియో. ఆమె భర్త, అంటే మా అన్న జోర్జి, ఆ రేడియో ఎదురుగా కూర్చునేవాడు. మైదానంలో జనం కేక ముందు కిటికీలోంచి వచ్చేది. ఏం జరిగిందో ఆ తర్వాత రేడియో చెప్పేది. ఆ కేకనిబట్టే బంతి ఎంత దూరం పోయిందో అన్న చెప్పేసేవాడు. నూటికి తొంభైసార్లు తప్పు చెప్పేవాడు, అది వేరే సంగతి.

ఇక కుర్చీ. మైదానంలో పచ్చరంగు చెక్క కుర్చీలు పీకేసి ప్లాస్టిక్‌వి వేసినప్పుడు అన్న ఒకటి మోసుకొచ్చాడు. దానికి వెనక కాళ్ళుండవు, మెట్టుకి బిగించే రకం. కాబట్టి రేడియో ఎదురుగా నేలకి బోల్టులు వేసి బిగించాడు. కూర్చున్న మనిషి లేస్తే సీటు టప్పుమని పైకి మడుచుకుంటుంది. ఆ ఇంటికెళ్ళిన ప్రతివాడి మోకాలూ ఏదో ఒక రోజు ఆ కుర్చీకి కొట్టుకున్నదే. నాకు ఆ కుర్చీ అంటే అసహ్యం. మా అన్న అందులోనే పోయాడు.

అది సెప్టెంబరు ఆఖరి రోజుల్లో. ఒక ఆదివారం, గెలిచి తీరాల్సిన మ్యాచ్. అన్నకి గుండెల్లో నొప్పి మొదలైంది. అతను ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ జట్టు వరసగా పరుగులు తీస్తోంది. మా పేటలో పాలుతాగే పిల్లకి కూడా తెలిసిన నియమం ఒకటుంది: పరుగు వచ్చినప్పుడు ఎవరు ఎలా ఉన్నారో అలాగే ఉండాలి. కదిలితే అదృష్టం కదిలిపోతుంది. "ఇంకొక్క ఔట్, కదలకు" అంది వదిన. అతను కదల్లేదు. జట్టు గెలిచింది. గెలిచిన సంబరంలో జనం వీధులన్నీ నింపేస్తే అంబులెన్సు మా సందులోకి రాలేకపోయింది. నేనా పూట ఫ్యాక్టరీలో రెండో షిఫ్టులో ఉన్నాను. ఈ కథంతా తర్వాత వదిన నోట విన్నదే.

ఆమె ఆ మాట దాచలేదు, ఏడవలేదు. "జోర్జి కూర్చున్నాడు కాబట్టే గెలిచాం" అని ఊరందరికీ చెప్పింది. తర్వాత ఆ కుర్చీలో తానే కూర్చోవడం మొదలుపెట్టింది, సీజన్ ఆఖర్లో మాత్రమే, గెలవక తప్పని మ్యాచ్‌లకి మాత్రమే. నేనెన్నిసార్లు వెక్కిరించానో. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకటేనా వదినా అని. ఆమె వినేది కాదు. ఎందుకు వినదో నాకు మెల్లగా అర్థమైంది. ఆ కుర్చీకి మహిమ లేకపోతే మా అన్న ఉత్తపుణ్యానికి పోయినట్టు. అంత మాట ఎలా ఒప్పుకుంటుంది?

తర్వాత మైదానం మూసేశారు, ఊరి నడుమ కొత్తది కట్టారు. పాతది కొన్నేళ్ళు పాడుపడి, చివరికి కూల్చేశారు. ఇప్పుడక్కడ గడ్డి, మధ్యలో జెండా కర్ర ఒకటి. పెరట్లో కార్లు లేవు. కిటికీలోంచి కేక లేదు. రేడియో, కుర్చీ, వదిన మిగిలారు.

నేను చెప్పబోయే ఆదివారం సీజన్‌కి ఆఖరి రోజు. గెలిస్తే పై పోటీలకి వెళ్తాం, ఓడితే మళ్ళీ వసంతం దాకా సన్యాసమే. మధ్యాహ్నం వదిన ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. వదిన, నేను, ఎదురింటి విస్టిన్. విస్టిన్ ఒకప్పుడు పోస్టు పంచేవాడు. పాత మైదానాల గురించి నోరు తెరిస్తే మూయడు. ఆ ఇంట్లో దానికీ ఒక నియమం ఉంది. రేడియోలో ప్రకటనలు వస్తున్నంతసేపు స్కోరు గురించి ఎవరూ నోరెత్తకూడదు, దిష్టి తగులుతుంది. పాత మైదానం సంగతులే మాట్లాడాలి. విస్టిన్‌కి ఇంకేం కావాలి?

ఆరు ఇన్నింగ్స్‌లు అయ్యేసరికి మూడు పరుగులు వెనకబడ్డాం. వదిన పొద్దుటి నుంచీ ఒకలా ఉంది. పస్తిత్సి పొయ్యిలో పెట్టి మధ్యమధ్య గోడ పట్టుకుని నిలబడుతోంది.

"ఏంటొదినా, నీరసమా?" అన్నాను.

"పులితేన్పులు. నీ మొహం చూస్తే ఎవరికైనా వస్తాయి."

"అయితే కాసేపు పడుకో."

"మూడు పరుగులు వెనకబడితే పడుకోమంటావా? నువ్వొక మనిషివేనా, పౌలూ?"

ఏడో ఇన్నింగ్స్‌లో మావాళ్ళు బ్యాటింగ్‌కి రాగానే ఆమె చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతోనే వచ్చి కుర్చీలో కూలబడింది. ఆమె కూర్చోవడమేమిటి, రేడియోలో వ్యాఖ్యాత అరవడమేమిటి, రెండూ ఒకేసారి జరిగాయి. మా జట్టు ఆటగాడొకడు బంతిని గోడ అవతలికి పంపాడు. మూడుకి ఒకటి.

"కదలకండి!" అని అరిచింది వదిన.

అంతే, బిగుసుకుపోయాం. విస్టిన్ కాలు నొప్పని ఒక బూటు విప్పి పట్టుకుని ఉన్నాడు. ఆ బూటు అలాగే చేతిలో ఉండిపోయింది. నేను వంటింటి గుమ్మంలో టీ కప్పుతో నిలబడి ఉన్నాను. కూర్చుందామని ఒక అడుగు వేశానో లేదో ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

"గుమ్మం వదలకు!"

"నాకు మోకాళ్ళ నొప్పులు, విస్టిన్."

"నేను చలికి ఒంటి బూటుతో చావట్లేదా? నిలబడవయ్యా బాబూ!"

నమ్మకం లేదు లేదంటూనే నిలబడ్డాను. దెయ్యాలు లేవని చెప్పేవాడు కూడా రాత్రిపూట శ్మశానం చుట్టుతిరిగే పోతాడు కదా.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇంకో పరుగు వచ్చింది. మూడుకి రెండు. విస్టిన్ బూటు గాల్లో ఆడించాడు. వదిన నవ్వలేదు. అప్పుడు చూశాను ఆమె మొహం. నుదుటి మీద చెమట, పెదాల రంగు పోయింది. గుడ్డ తీసి మెడ తుడుచుకోబోయి ఆగింది. పరుగు వచ్చినప్పుడు ఆ గుడ్డ ఒళ్ళో ఉంది. ఒళ్ళోనే ఉండాలి.

"వదినా, తుడుచుకో."

"నువ్వు గుమ్మం సంగతి చూడు."

తొమ్మిదో ఇన్నింగ్స్ పై సగంలో అవతలివాళ్ళు పరుగేమీ తీయలేదు. ఇక మాకు మిగిలింది ఆ ఆఖరి సగమే. ప్రకటనలు మొదలయ్యాయి. స్కోరు మాట్లాడకూడదు కనుక విస్టిన్ పాత మైదానం ఎత్తుకున్నాడు.

"ఆ జెండా కర్ర ఆట స్థలం లోపలే ఉండేది, గుర్తుందా? బంతి దానికి తగిలినా ఆట ఆగేది కాదు. ఇంకెక్కడైనా ఉందా అలాంటి వింత? నేను క్లీవ్‌లాండ్ సరస్సు ఒడ్డున పాత మైదానం కూడా చూశా. అది మైదానం కాదు, మంచుపెట్టె. జనం కంటే పావురాలే ఎక్కువ. మనదైతే, పైఅంతస్తు మీదికి వంగి కూర్చుంటే ఆటగాడి మెడ మీద చెమట కనపడేది. నాకు మాత్రం ప్రతిసారీ ఇనప స్తంభం వెనక సీటే దొరికేది. సగం ఆట నాకు, సగం స్తంభానికి. ఏం నెన్సా, జోర్జికి ఓ సారి నా పక్క సీటు దొరికితే, ఆ స్తంభాన్నే తిట్టాడు కదా తొమ్మిది ఇన్నింగ్స్‌లూ?"

వదిన ఎడమ చేత్తో దవడ రుద్దుకుంటోంది. పంటి నొప్పి వచ్చినవాళ్ళు రుద్దుకున్నట్టు, చెవి కింద నుంచి గడ్డం దాకా, మళ్ళీ మళ్ళీ.

ఆమె మా అన్న గురించి చెప్పినప్పుడల్లా ఆ సంగతి చెప్పేది. "పాపం, దవడ రుద్దుకుంటూ కూర్చున్నాడు. పన్నేమో అనుకున్నా" అని. అదే కుర్చీ, అదే రుద్దుడు. రేడియో ముందు నేను రెండోసారి మనిషిని పోగొట్టుకోబోతున్నాను.

"వదినా, నీకు గుండె నొప్పి."

"కాదు."

"దవడ లాగుతోందా?"

"ఆట మొదలవుతోంది. నోర్మూసుకో."

"అంబులెన్సు పిలుస్తున్నా."

"గుమ్మం వదిలావంటే నీకూ నాకూ ఇక మాటల్లేవు, పౌలూ! జోర్జి మీద ఒట్టు!"

విస్టిన్ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, చేతిలో బూటు వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద, వాడి మీద, ఆ ముదనష్టపు కుర్చీ మీద, రెండు ఇన్నింగ్స్‌లు గంగిరెద్దులా నిలబడ్డ నా మీద. "మా అన్న మీద నాకు ఒట్టు పెడతావా? అతన్ని తిన్నది చాలలేదా ఈ చెక్కముక్కకి?" అని అరిచి, కప్పు అక్కడే నేల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి గోడ ఫోను తీశాను.

నేను చిరునామా చెబుతుండగా ముందుగదిలోంచి వ్యాఖ్యాత గొంతు. మొదటి బ్యాటర్ ఔట్.

"చూశావా?" అంది వదిన. గొంతులో సగం బలం లేదు, కోపం మాత్రం నిండుగా ఉంది. "కదిలావు. చూశావా?"

నేను వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకోబోతే లాగేసుకుంది. అంబులెన్సు ఉండే అగ్నిమాపక కేంద్రం పక్కవీధిలోనే కాబట్టి బండి తొందరగానే వచ్చింది. తలుపు గంట మోగింది. సరిగ్గా అప్పుడే రెండో బ్యాటర్ కూడా ఔట్. విస్టిన్ మూలిగాడు. వదిన కళ్ళు మూసుకుంది.

లోపలికొచ్చినావిడ పేరు షరోండా. భారీ మనిషి, చేతిలో పెట్టె, వెనక ఒక కుర్రాడు స్ట్రెచర్‌తో. ఒక్క చూపుతోనే గదిలో సంగతంతా ఆమెకి అర్థమైనట్టుంది. రేడియో కట్టెయ్యమని ఆమె అడగలేదు.

"అమ్మా, నొప్పి ఎప్పటి నుంచి?"

"ఆరో ఇన్నింగ్స్ నుంచి" అంది వదిన.

"ఇప్పుడేది నడుస్తోంది?"

"తొమ్మిది, కింద సగం. ఇద్దరు ఔట్."

"అమ్మో, చాలాసేపైంది" అంది షరోండా వైర్లు అంటిస్తూ. మాత్ర ఒకటి నమలమని ఇచ్చింది. చిన్న తెర మీద గీతలు చూసి కుర్రాడికి కళ్ళతో ఏదో చెప్పింది. ఆ చూపు నాకు నచ్చలేదు. "ఇప్పుడు లేద్దామా, పెద్దమ్మా?"

"లేవను."

"గుండె ఆగిపోవచ్చు. నిజం చెబుతున్నా. ఇది బెదిరింపు కాదు."

"ఇంకొక్క ఔటేగా ఉంది. అటో ఇటో తేలిపోతుంది. ఆగు."

అటో ఇటో తేలలేదు. మూడో బ్యాటర్‌కి బంతులు తప్పుగా పడి ఊరికే బేస్ దొరికింది. నాలుగోవాడు కుడివైపు మూలకి కొట్టాడు. ఇప్పుడు రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. ఒక్క మంచి దెబ్బ తగిలితే ఇద్దరూ చుట్టు పూర్తిచేసి రెండు పరుగులు తెస్తారు, గెలుస్తాం. మైదానంలో జనం అరుపు రేడియోలోంచి గదంతా నింపేసింది. వదిన కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. ఇప్పుడామెని ఆ కుర్చీలోంచి పెకలించడం ఎవరి తరం?

అవతలి మేనేజరు బంతి విసిరే పిచ్చర్ని మార్చడానికి బయల్దేరాడు. ప్రకటనలు మొదలయ్యాయి. షరోండా వదిన చెవి దగ్గరికి వంగింది.

"పెద్దమ్మా, మా ఆయన కూడా ఇంతే. టోపీ తిరగేసి పెట్టుకుంటే సీజన్ అయ్యేదాకా తియ్యడు. నీ బాధ నాకు తెలుసు. నువ్వు లేవొద్దు. నిన్ను మేం ఎత్తుతాం. ఎత్తితే లేచినట్టు కాదు కదా?"

వదిన ఆలోచించింది. నిజంగా ఆలోచించింది. ప్రాణం పోతుంటే న్యాయశాస్త్రం చూస్తోంది.

"కుర్చీ ఖాళీగా ఉండకూడదు" అంది చివరికి. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది. "నువ్వు కూర్చో. నాతో రావద్దు. ఇక్కడే కూర్చో. జోర్జి తమ్ముడివి."

"కూర్చుంటా."

"లేవకు."

"లేవను, వదినా. పద."

వాళ్ళు ఎత్తారు. ఎత్తగానే సీటు మడుచుకోకుండా నేను చేత్తో ఆపి ఆమె చూస్తుండగానే కూర్చున్నాను. ఆమె నా వైపే చూస్తూ గుమ్మం దాటింది. ఆ సీటు వెచ్చగా ఉంది, తడిగా ఉంది. నా ఎదురుగా రేడియో పళ్ళపొడి అమ్ముతోంది. మా అన్న ఆఖరిసారి చూసింది ఈ రేడియోనే, ఈ గోడనే అనిపించింది. స్ట్రెచర్ చక్రాలు మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది.

లేచాను. సీటు టప్పుమంది.

"పౌలూ!" అని అరిచాడు విస్టిన్. "ఏం చేస్తున్నావ్?"

"నువ్వు కూర్చో!"

"అది జోర్జి కుర్చీ! నేనెలా కూర్చుంటా?"

వాడితో వాదించే ఓపిక నాకు లేదు. పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో నేను పరిగెత్తగలనని నాకే తెలియదు. షరోండా తలుపు మూయబోతుంటే లోపలికి దూరి వదిన పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. షరోండా తెర వైపు చూస్తూ, "ఉండు పెద్దమ్మా, ఉండు, నాతోనే ఉండు" అని గొణుగుతోంది. నేను ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు. మ్యాచ్ గురించి మాత్రం మొక్కలేదు.

మా సందులోంచి పెద్దరోడ్డు ఎక్కాలంటే పాత మైదానం మూల తిరగాలి. బండి అక్కడ తిరుగుతుండగా ముందు సీట్లో కుర్రాడు రేడియో పెట్టాడు. గడ్డి, జెండా కర్ర కిటికీ పక్క నుంచి పోతున్నాయి. వ్యాఖ్యాత గొంతు పగిలిపోయింది. బంతి ఎడమ మూలకి, ఒకడొచ్చాడు, రెండోవాడు కూడా వచ్చాడు, అయిపోయింది. కుర్రాడు స్టీరింగు మీద గుద్దాడు. షరోండా వాడిని తిట్టింది, తిడుతూనే నవ్వింది. వదిన కదల్లేదు. వినలేదు అనుకున్నాను.

ఈసారి వీధులు ఖాళీగానే ఉన్నాయి. సంబరాలన్నీ ఊరి నడుమ, కొత్త మైదానం దగ్గర.

గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా పూడుకుపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని చెప్పాడు డాక్టరు. నాళంలో చిన్న గొట్టం వేశారు. మర్నాడు పొద్దున ఆమె గదిలోకి వెళ్ళేటప్పటికే నా అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది. అంతకుముందే విస్టిన్ ఫోను చేసి మరీ చెప్పాడు: "కుర్చీ ఖాళీ, పౌలూ. సీటు పైకి మడుచుకునే ఉంది. కళ్ళారా చూశా. అయినా కొట్టాడు. నాకు బుర్ర పనిచేయట్లేదు." ఈ మాట వదినతో అన్నావంటే రెండో బూటు కూడా నీ చేతికిస్తానని చెప్పి పెట్టేశాను.

వదిన దిండ్లకి ఆనుకుని కూర్చుంది. మొహానికి రంగు వచ్చింది.

"గెలిచామటగా. నర్సు చెప్పింది."

"గెలిచాం."

"కుర్చీలో ఎవరున్నారు?"

"నేనే. నువ్వు చెప్పావుగా, కూర్చున్నా. బంతి కొట్టేదాకా లేవలేదు."

"అలాగా" అంది. కాసేపు దుప్పటి సర్దుకుంది. తర్వాత కుడి చెయ్యి ఎత్తి నా ముందు పెట్టింది. వేళ్ళు కమిలి ఉన్నాయి. "మరి బండిలో నా చెయ్యి ఇలా నలిపేసిందెవరు?"

నేను నా చెయ్యి జేబులో దాచుకున్నాను.

"ఖాళీగా ఉందన్నమాట" అంది.

"వదినా..."

"ఖాళీ కుర్చీకి కూడా కొట్టాడు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "అయితే జోర్జి ఊరికే కూర్చున్నాడు."

కాదని చెప్పాలనిపించింది. అవునని చెప్పాలని కూడా అనిపించింది. అన్నేళ్ళు వెక్కిరించినవాడిని, నా మాట నెగ్గిన రోజున నాకు ఏడుపొచ్చింది.

"నీకు చెప్పనిది ఒకటుంది, పౌలూ" అంది వదిన, ఇటు తిరక్కుండానే. "ఆయన లేస్తానని అనలేదు. కదలకు అని నేను చెప్పానని అందరికీ చెప్పుకున్నా. కదలాల్సింది ఆయన కాదు. మంచినీళ్ళు అడిగాడు. నేను ఆ తలుపు పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నా. నీళ్ళు తేవాలంటే నేను లేవాలి కదా. ఇంకొక్క ఔట్ ఆగు, తెస్తానన్నా. సరేనన్నాడు. సరేననే అన్నాడు, మహానుభావుడు. మళ్ళీ అడగలేదు."

ఆమె ఏడ్చింది. నేను ఆమెని పెళ్ళి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ ఏడవగా చూడలేదు. అన్న శవం పక్కన కూడా ఏడవలేదు. నర్సు వచ్చి తెర మీద గీతలు చూసి, ఏం జరిగిందని నన్ను కోప్పడింది. ఏమీ లేదమ్మా, ఇంట్లో మనిషి పోయాడని చెప్పాను.

మంగళవారం పై పోటీల మొదటి మ్యాచ్. వదినని ఇంకా ఇంటికి పంపలేదు. మంచం పక్కన చిన్న రేడియో పెట్టుకుని ఇద్దరం విన్నాం. ఆమె మునుపటిలా అరవలేదు, పిచ్చర్ని తిట్టింది అంతే. కుర్చీ బోల్టులు విప్పెయ్యమంది. తుప్పు పట్టాయి, మందు వెయ్యాలి, చూద్దాంలే అన్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు వెనకబడి ఉండగా మావాళ్ళు ఇద్దరు బేస్‌ల మీదికి చేరారు. నేను అప్పటికే ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి కూర్చుని ఉన్నాను. అలా వంగిన తర్వాతే ఆ ఇద్దరూ బేస్‌ల మీదికి వచ్చారు.

"పౌలూ, కాస్త మంచినీళ్ళు" అంది వదిన.

"ఒక్క నిమిషం వదినా. ఇంకొక్క బంతి" అన్నాను.

ఆమె నా వైపు చూసింది.

నేను లేచాను. నీళ్ళ జగ్గు గదికి ఆ చివర కిటికీ దగ్గర ఉంది. నా వెనక రేడియోలో జనం ఒక్కసారిగా ఏదో అరిచారు, మంచికో చెడుకో తెలియలేదు. గ్లాసు నింపి తెచ్చి, నేనే పట్టుకుని ఆమెకి తాగించాను.